ఉమ్మడి స్థలాల్లో వైఫై పరికరాల బిగింపు, కేబులింగ్ పనులపై నివాసుల సంఘం తీర్మానం

హైదరాబాదులోని మా మూడు బ్లాకుల అపార్ట్‌మెంట్ నివాసుల సంక్షేమ సంఘం సర్వసభ్య సమావేశం ఆదివారం సాయంత్రం కమ్యూనిటీ హాలులో, సంఘ అధ్యక్షుల అధ్యక్షతన జరిగింది. కోరం ఉన్నట్టు కార్యదర్శి ధ్రువీకరించారు. గత సమావేశంలో ఏర్పాటైన సాంకేతిక ఉపసంఘం తన నివేదికను చదివి వినిపించింది. చర్చ అనంతరం ఈ కింది తీర్మానాన్ని రెండో బ్లాకు ప్రతినిధి ప్రతిపాదించగా, మొదటి బ్లాకు ప్రతినిధి బలపరిచారు.

పూర్వాపరాలు

కమ్యూనిటీ హాలు, పిల్లల చదువు గది, జిమ్, గేటు దగ్గరి సెక్యూరిటీ గది, సెల్లారు. ఈ ఐదు చోట్లా వైఫై కావాలన్నది సభ్యుల పాత కోరిక. సెల్లారులో మొబైల్ సిగ్నల్ అందదు. క్యాబ్ డ్రైవరుకు యూపీఐలో డబ్బు పంపాలన్నా ర్యాంపు ఎక్కి పైకి రావాల్సిందే. ఇంటి నుంచి ఉద్యోగం చేసేవారు పిల్లల అల్లరి తప్పించుకుని చదువు గదిలో కూర్చుందామంటే అక్కడ నెట్ ఉండదు. కోరిక న్యాయమైనదేనని సంఘం ఎప్పుడో ఒప్పుకుంది. కార్పస్ ఫండ్ నుంచి సొమ్ము కేటాయించి పని కూడా చేయించింది. పేరున్న రకం పరికరాలు వచ్చాయి, గోడలెక్కాయి, బిల్లు చెల్లింది. వైఫై మాత్రం రాలేదు.

లోపం పరికరాల్లో లేదని ఉపసంఘం తేల్చింది. హాలులో వైఫై పెట్టెను అందం చెడకుండా ఫాల్స్ సీలింగ్ పైన, ఏసీ రేకు డక్టుకు ఆనించి దాచారు. జిమ్‌లో నిలువెత్తు అద్దం వెనక గోడకు బిగించారు. అద్దం వెనకపూత లోహమే, డక్టూ లోహమే. రేడియో తరంగం లోహాన్ని దాటి రాదు, తగిలి వెనక్కి పోతుంది. చదువు గదికి వెళ్లే కేబులును లిఫ్టు షాఫ్టులోంచి దించారు. లిఫ్టుకు సంబంధం లేని వైరు ఏదీ ఆ షాఫ్టులో ఉండకూడదన్నది భద్రతా నియమం. సెల్లారు కేబులును కరెంటు మెయిన్ లైనుతో కలిపి ఒకే పైపులో లాగారు.

అసలు విషయం కేబులు కొస కోసి చూసినప్పుడు బయటపడింది. తీగను బ్లేడుతో గీకితే ఎర్రటి పూత కింద తెల్లటి లోహం కనిపించింది. అది రాగి పూత పూసిన అల్యూమినియం తీగ. బజారులో దీన్ని క్యాట్ 6 అని ముద్ర వేసే అమ్ముతారు. నెట్‌వర్క్ కేబుల్ ప్రమాణాలు ఒప్పుకునేది మాత్రం అసలు రాగినే. అల్యూమినియానికి విద్యుత్ నిరోధం రాగి కంటే సుమారు ఒకటిన్నర రెట్ల పైనే. ఈ పరికరాలకు వేరే ప్లగ్గు ఉండదు. కరెంటు కూడా అదే కేబులులో వస్తుంది. తీగలో నష్టం ఎక్కువైతే చివరన ఉన్న పెట్టెకు చాలినంత వోల్టేజీ అందదు. కేబులు కట్ట వేడెక్కుతుంది. వంచిన చోట తీగ విరుగుతుంది. మన చదువు గది పరికరం రోజుకు కొన్నిసార్లు దానంతటదే ఆగి మళ్లీ మొదలవడానికి ఇదే కారణమని, అసలు రాగి కేబులు తాత్కాలికంగా వేసి చూసి ఉపసంఘం నిర్ధారించింది.

నాటి ఇన్‌స్టాలరు పేరు ఈ తీర్మానంలో ఎక్కడా రాయకూడదని సమావేశం నిర్ణయించింది. ఎందుకంటే కేబులు రకం ఏమిటో, పెట్టె ఎక్కడ పెట్టాలో, పని పూర్తయిందని దేన్ని చూసి నమ్మాలో మన వర్క్ ఆర్డరులో ఒక్క ముక్క కూడా లేదు. ఈసారి అవన్నీ తీర్మానంలోనే ఉండాలని సభ్యులు కోరారు. అందుకే ఇది మామూలు తీర్మానాల కంటే పొడవుగా ఉంది.

తీర్మానం

ఒకటి. కేటాయించిన సొమ్ములో మొదటి హక్కు కేబులుది, దాని దారిది. ఆ తర్వాతే పెట్టెలది. సమావేశంలో ఎక్కువ వాదన జరిగింది ఈ అంశం మీదే. సరికొత్త తరం పరికరాలు కొని, ఉన్న కేబుళ్లతోనే సర్దుకుందామన్నారు కొందరు యువ సభ్యులు. ఉపసంఘం చూపిన లెక్క దీనికి వ్యతిరేకం. వైఫై ప్రమాణాల్లో 802.11ఎన్ 2009లో, 802.11ఏసీ 2013లో, 802.11ఏఎక్స్ 2021లో వచ్చాయి. పెట్టెలు మూడు తరాలు మారాయి. క్యాట్ 6 కేబులు ప్రమాణం 2002 నాటిది. ఆ రోజుల్లో సరిగ్గా వేసిన కేబులు ఈ మూడు తరాలనూ మోసింది. పైగా 2016లో వచ్చిన 802.3బీజెడ్ ప్రమాణంతో, గోడలో ఉన్న అదే క్యాట్ 6 మీద వంద మీటర్ల దూరానికి సెకనుకు ఐదు గిగాబిట్ల వేగం సాధ్యమైంది. గోడ పగలగొట్టక్కర లేకుండానే వేగం పెరిగిందన్న మాట. పెట్టె మార్చడం నిచ్చెన వేసుకుని చేసే అరగంట పని. కేబులు మార్చాలంటే గోడ, పెయింటు, పైపు అన్నీ కదిలించాలి. కాబట్టి పరికరాలు మధ్యరకానివి చాలు, కేబులులో మాత్రం రాజీ వద్దని తీర్మానించడమైనది.

రెండు. కేబులు అసలు రాగి తీగతో చేసిన క్యాట్ 6 అయి ఉండాలి. బాక్సు సీలు తీయడం ఉపసంఘం ఎదుటే జరగాలి. కొస కోసి, గీకి చూశాకే లాగడం మొదలుపెట్టాలి. క్యాట్ 6ఏ వేస్తే పది గిగాబిట్లు కూడా వంద మీటర్లు పోతాయి గదా అని ఒక సభ్యుడు అడిగారు. నిజమే. అయితే ఆ కేబులు లావు. మన గోడల్లో బిల్డరు వేసిన కన్సీల్డ్ పైపుల్లో అది రెండు వరసలు పట్టదు. హాలులో శుభకార్యాల రోజు జనం ఎక్కువ కనుక అక్కడికి ఒకటికి బదులు రెండు క్యాట్ 6 కేబుళ్లు లాగాలి. మిగతా చోట్లకు ఒకటి చాలు.

మూడు. రాగి కేబులు పొడవు స్విచ్చులుండే రాక్ నుంచి గోడ జాకు వరకు 90 మీటర్లు దాటకూడదు. రెండు కొసల్లోని ప్యాచ్ కార్డులు కలుపుకుని మొత్తం 100 మీటర్లు. మొదటి బ్లాకు నుంచి మూడో బ్లాకు జిమ్ దాకా షాఫ్టులు దిగి, సెల్లారు దాటి, మళ్లీ ఎక్కితే ఈ హద్దు దాటిపోతుందని టేపుతో కొలిచి చూశారు. అందుకే బ్లాకుకూ బ్లాకుకూ మధ్య ఆప్టికల్ ఫైబరే వేయాలి. దీనికి దూరం ఒక్కటే కారణం కాదు. వేసవి చివర్లో ఉరుములతో వచ్చే గాలివానల్లో దగ్గర్లో ఎక్కడ పిడుగు పడినా రెండు భవనాల ఎర్తింగుల మధ్య వోల్టేజీ తేడా పుడుతుంది. రెంటినీ కలిపే రాగి తీగ ఉంటే ఆ తేడా అంతా దాని మీదుగా పోయి రెండు కొసల్లోని స్విచ్చులనూ కాల్చేస్తుంది. గాజు పోగులో కరెంటు పారదు. ఎలుకల భయంతో ఉక్కు కవచమున్న ఫైబరు వేద్దామన్న సూచన వచ్చింది. కవచం కూడా లోహమే కనుక పిడుగు బాధ మళ్లీ మొదటికొస్తుంది. లోహం లేని ఫైబరును గట్టి హెచ్‌డీపీఈ పైపులో వేసి, పైపు మూతుల్ని ఎలుకలు దూరకుండా మూయాలని నిర్ణయించడమైనది.

నాలుగు. రాక్ సెల్లారులో పెట్టరాదు. 2020 అక్టోబరు వానలకు నగరంలో ఎన్ని సెల్లార్లు మునిగాయో సభ్యులకు గుర్తు చేయనక్కర లేదు. మొదటి అంతస్తులోని సంఘం ఆఫీసు గదిలో, నేల నుంచి ఎత్తులో, గోడకు బిగించాలి. అక్కడ యూపీఎస్ కూడా ఉండాలి. కరెంటు పోయి జనరేటరు అందుకోవడానికి పట్టేది కొన్ని క్షణాలే. కానీ ఆ క్షణాల్లో ఆగిన పరికరం తిరిగి లేవడానికి నిమిషాలు పడుతుంది. కరెంటు అందించే స్విచ్చు 802.3ఏటీ ప్రమాణానిది, అంటే పోర్టుకు 30 వాట్ల వరకు ఇచ్చేది, కావాలి. 15.4 వాట్ల పాత రకం వద్దు. పోర్టులన్నిటికీ కలిపి స్విచ్చు ఇవ్వగల మొత్తం వాట్లు ఎన్నో కొటేషనులో విడిగా రాయించాలి. పోర్టుకు 30 అని రాసి, మొత్తం మీద సగం పోర్టులకు కూడా చాలని స్విచ్చు అంటగట్టడం మామూలే.

ఐదు. పరికరాలు బిగించే చోట్ల గురించి. మనం కొనబోయే గుండ్రటి పెట్టె సీలింగుకు కింది ముఖంగా పెట్టడానికి తయారైనది. దాన్నుంచి సిగ్నలు బంతిలా అన్ని వైపులా సమానంగా రాదు. బల్ల మీద పెట్టిన గారెలా చుట్టూ పరుచుకుంటుంది, నడిమిన పలచన. అదే పెట్టెను గోడకు తగిలిస్తే ఆ గారె నిలువుగా లేచి నిలబడుతుంది. బలంలో చాలా భాగం పై అంతస్తు పడక గదికి, కింది అంతస్తు వంటింటికి పోతుంది. కావలసిన గదికి మిగిలేది కొసరు. కాబట్టి సీలింగు రకం పెట్టె సీలింగుకే. గోడ తప్పని చోట గోడ రకం పరికరమే కొనాలి, లేదా బ్రాకెట్టు వేసి పెట్టె ముఖాన్ని నేలవైపు తిప్పాలి.

హాలులో ఫాల్స్ సీలింగ్ కిందే, అందరికీ కనిపించేలా, ఏసీ డక్టుకూ షాండ్లియరుకూ ఎడంగా బిగించాలి. అందం చెడుతుందన్న అభ్యంతరాన్ని సమావేశం విన్నది, ఒప్పుకోలేదు. కనిపించని చోట దాచిన ఫలితం ఇప్పటికే అనుభవించాం. పెట్టె బరువు సీలింగు టైలు మీద పడకూడదు. గ్రిడ్డుకు క్లిప్పుతో పట్టించి, పైన స్లాబులో దించిన యాంకరుకు సన్నని స్టీలు తీగతో కట్టాలి. టైలు ఎప్పుడైనా తడిసి ఊడినా పెట్టె ఎవరి నెత్తిమీదా పడదు. ఫైర్ స్ప్రింక్లర్ పైపులకు గానీ, ఫాల్స్ సీలింగును మోసే కడ్డీలకు గానీ కేబుళ్లు కట్టరాదు.

కారిడార్లలో పరికరాలు పెట్టరాదు. పాత ప్లానులో అంతస్తుకొకటి కారిడారులో ఉంది. చూడటానికి బాగానే ఉంటుంది. కానీ పొడవాటి ఖాళీ కారిడారులో పెట్టెలు ఒకదాని మాట ఒకదానికి అడ్డు తగులుతాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీదొకటి పడకుండా వాడుకోగల ఛానెళ్లు మూడే. ఒకటి, ఆరు, పదకొండు. ప్రతి ఫ్లాటులోనూ సొంత రూటరు ఉన్న మన భవనంలో ఆ మూడూ ఇప్పటికే కిటకిటలాడుతున్నాయి. సంఘం పరికరాలు వాటికి తోడైతే ఉన్న నెట్ కూడా చెడుతుంది. అందుచేత మన పరికరాలు ముఖ్యంగా 5 గిగాహెర్ట్జ్‌లో నడవాలి. 2018 అక్టోబరు నోటిఫికేషనుతో కేంద్రం ఆ పట్టీలో 605 మెగాహెర్ట్జ్ మేర లైసెన్సు అవసరం లేకుండా చేసింది కనుక అక్కడ చోటుకు కరువు లేదు. ప్రసార శక్తిని గరిష్ఠానికి పెట్టడం నిషిద్ధం. ఫోను బలం పెట్టె బలం కంటే తక్కువ. పెట్టె గట్టిగా అరిస్తే దూరాన ఉన్న ఫోనుకు వినిపిస్తుంది గానీ, ఫోను ఇచ్చే జవాబు పెట్టెకు చేరదు. ఫోనులో గీతలు నిండుగా కనిపిస్తూ పేజీ తెరుచుకోకపోవడానికి తరచుగా ఇదే మూలం.

ఆరు. కేబులు దారి. కరెంటు షాఫ్టులో నెట్‌వర్క్ కేబుళ్లు మెయిన్ లైన్లకు అడుగు ఎడంగా, విడి ట్రేలో దిగాలి. దాటక తప్పని చోట అడ్డంగా, లంబకోణంలో దాటాలి. ఇకపై ఎవరైనా రెంటినీ ఒకే పైపులో వేస్తే పని ఆపించే అధికారం మేనేజరుకు ఇవ్వడమైనది. కేబులు వంపు వ్యాసార్ధం కేబులు మందానికి నాలుగు రెట్ల కంటే తగ్గకూడదు. మూల తిప్పేటప్పుడు మడత పడిందంటే లోపలి జతల మెలిక చెదిరినట్టే. ఆ మెలికే కేబులు ప్రాణం. జాకులో దించేటప్పుడు కూడా మెలికను అర అంగుళానికి మించి విప్పరాదు. ప్లాస్టిక్ ట్యాగులను నొక్కుపడేలా బిగించరాదు, వెల్క్రో పట్టీలు వాడాలి. పైపులో ఇరుక్కున్న కేబులును ఇద్దరు మనుషులు పట్టి గుంజడం లాంటివి మానాలి. ఇరుక్కుంటే బయటికి తీసి మళ్లీ లాగాలి. పెట్టె దగ్గర రెండు మీటర్ల కేబులు చుట్ట మిగల్చాలి. రేపు పెట్టెను కాస్త జరపాల్సి వస్తే అదే ఆదుకుంటుంది.

ఏడు. బీములకూ పిల్లర్లకూ డ్రిల్లింగ్, కోర్ కటింగ్ ఎట్టి పరిస్థితిలోనూ చేయరాదు. ఇందులో మినహాయింపు ఇచ్చే అధికారం అధ్యక్షులకు కూడా లేదు. స్లాబులో కన్నం తప్పనిసరైతే స్ట్రక్చరల్ ఇంజనీరు రాతపూర్వక అనుమతి కావాలి. కేబులు దాటించాక స్లాబు కన్నాన్ని అగ్నినిరోధక పదార్థంతో మూయాలి. సిమెంటు పూసి, చేతులు దులుపుకుంటే కుదరదు. షాఫ్టులో ఒక అంతస్తున పుట్టిన పొగ పై అంతస్తులకు ఎక్కేది ఇలాంటి కన్నాల గుండానే. కేబులు తొడుగు కూడా కాలితే తక్కువ పొగ వచ్చే రకమై ఉండాలి.

ఎనిమిది. పని పూర్తయిందనడానికి రుజువు. మొన్న పని అప్పజెప్పినప్పుడు చిన్న టెస్టరు మీద ఎనిమిది లైట్లు వరసగా వెలిగించి చూపారు. మనం సంతకం పెట్టాం. ఆ టెస్టరు చెప్పేది తీగ ఈ కొస నుంచి ఆ కొసకు చేరిందని మాత్రమే. ఒక జతలోని తీగ, ఇంకో జతలోని తీగ రెండు కొసల్లోనూ ఒకేలా తారుమారైనా లైట్లు చక్కగానే వెలుగుతాయి. డేటా మాత్రం చెడుతుంది. కాబట్టి ప్రతి కేబులుకూ సర్టిఫికేషన్ టెస్టరుతో తీసిన రిపోర్టు ఇవ్వాలి. పొడవు, నష్టం, జతల మధ్య చొరబాటు అందులో కనిపించాలి. దానితోపాటు ఐదు చోట్లా తలుపులు మూసి, మామూలు ఫోనుతో కొలిచినప్పుడు సిగ్నలు మైనస్ 67 డీబీఎం కంటే బలహీనంగా ఉండరాదు. ఈ రెండూ అందేవరకు బిల్లులో పాతిక శాతం ఆపి ఉంచాలి. కోశాధికారి ఈ షరతు కొటేషను దశలోనే చెప్పాలి. ఆఖరున చెబితే తగువవుతుంది. ప్రతి కేబులుకు రెండు కొసలా ఒకే లేబులు, ఆఫీసు గోడపై ఒక మ్యాపు ఉండాలి.

తొమ్మిది. షాఫ్టుల్లో వేలాడుతున్న ప్రైవేటు బ్రాడ్‌బ్యాండ్ కేబుళ్ల గురించి. ఏది ఏ ఫ్లాటుదో, ఏది చచ్చిపోయిందో నేడు ఎవరికీ తెలియదు. అరవై రోజుల్లో ప్రతి ఫ్లాటు తన కేబులుకు నంబరు లేబులు కట్టించుకోవాలి. గడువు దాటాక, మరో నోటీసు ఇచ్చి, లేబులు లేనివాటిని తీసివేస్తారు. భవనాలకు డిజిటల్ కనెక్టివిటీ రేటింగు ఇచ్చే నిబంధనలను టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 అక్టోబరులో తెచ్చింది. మనమూ దరఖాస్తు చేద్దామన్న సూచనను ఈ పని ముగిసేవరకు పక్కన పెట్టడమైనది.

పది. రేడియేషన్ గురించి ఇద్దరు పెద్దలు ఆందోళన తెలిపారు. ఈ పరికరాల ప్రసార శక్తి మిల్లీవాట్లలో లెక్క. గది మధ్యలో కూర్చున్నవారికి అందేది అందులో అతి స్వల్పం. చెవికి ఆనించి మాట్లాడే ఫోను మనిషికి అంతకంటే చాలా దగ్గర. ఉపసంఘం వివరణను ఒకరు ఒప్పుకున్నారు, ఒకరు ఒప్పుకోలేదు. ఇద్దరి మాటా నమోదైంది. ఏ ఫ్లాటు పడక గది గోడకూ సంఘం పరికరం బిగించరాదని నిర్ణయించడమైనది. ఇది భయంతో తీసుకున్న నిర్ణయం కాదు. ఆ గదికి మన సిగ్నలుతో పని లేదు.

పదకొండు. సీసీ కెమెరాలు, గేటు వ్యవస్థ ఉన్న నెట్‌వర్కూ, సభ్యులు వాడే వైఫై వేర్వేరుగా ఉండాలి. పాస్‌వర్డు గోడమీద రాయరాదు.

అసమ్మతి

ఒక సీనియర్ సభ్యులు ఓవర్‌హెడ్ ట్యాంకు లీకేజీ బాగు చేయించకుండా వైఫైకి రెండోసారి డబ్బు పెట్టడం తగదన్నారు. ఆ మాటను తీర్మానంలోనే చేర్చాలని కోరారు, చేర్చడమైనది. ట్యాంకు పనికి విడిగా సొమ్ము ఉందని, రెండు పనులూ ఒకదానికొకటి అడ్డు కావని కోశాధికారి జవాబిచ్చారు. అయినా ట్యాంకు పని ముందు మొదలవ్వాలన్న ఆయన సవరణను సమావేశం ఏకగ్రీవంగా అంగీకరించింది.

అమలు

ఉపసంఘం మూడు కొటేషన్లు తెప్పించి, ఈ తీర్మానం నకలును ప్రతిదానికీ జతచేసి, కార్యవర్గం ముందు ఉంచాలి. తక్కువ ధర ఒక్కటే ఎంపికకు కొలమానం కాదు. డ్రిల్లింగు ఉదయం పది నుంచి ఒంటిగంట వరకు, మధ్యాహ్నం మూడు నుంచి ఆరు వరకు మాత్రమే. ఇంటర్, పదో తరగతి పరీక్షల రోజుల్లో అసలు చేయరాదు. పాత పరికరాల్లో పనిచేసేవాటిని కొత్త చోట్లలో బిగించి వాడుకోవాలి. పాత అల్యూమినియం కేబులును పూర్తిగా పీకేయాలి. ఇంకెవరూ దాన్ని మళ్లీ వాడకుండా తుక్కుగా అమ్మి సొమ్ము సంఘం ఖాతాలో జమచేయాలి.

తీర్మానాన్ని హాజరైన సభ్యుల్లో అత్యధికులు చేతులెత్తి ఆమోదించారు. నకలు మూడు బ్లాకుల నోటీసు బోర్డులపై ఉంచుతారు. ప్రతి అంతస్తులోనూ షాఫ్టు తలుపులకు అడ్డంగా ఉన్న చెప్పుల స్టాండ్లు, సైకిళ్లు, పూలకుండీలను పని మొదలయ్యేలోగా ఎవరివి వారు తీసివేయాలని సభ్యులందరికీ సంఘం మనవి.